భీమ్లాకు వేసిన సూది

బాపుకు,

నీ చిన్నబిడ్డ సరళ దండం పెట్టి రాసేది. అమ్మకు, బాపమ్మకు, అన్నకు, వదినకు కూడా నా దండాలు చెప్పు. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, కంటినిండా నిద్రపోతున్నాను, ఇంత జ్వరాల అడవిలో ఉండి కూడా మంచం పట్టలేదు. ఈ ముక్క అమ్మకు ముందుగా చదివి వినిపించు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? కొట్టు తెరిచే హడావుడిలో నువ్వు షుగర్ మాత్ర మరిచిపోతున్నావని వదిన చెప్పింది. బిడ్డ డాక్టరని ఊరంతా చెప్పుకుంటావు, ఆ బిడ్డ రాసిచ్చిన మాత్ర మాత్రం వేసుకోవు. దాని మీద కూడా నాకు కోపమే. కానీ ఈ ఉత్తరం ఆ కోపం గురించి కాదు.

మొన్న ఫోన్లో అన్న మీద అరిచాను. ఇక్కడ సిగ్నల్ అందాలంటే బడి వెనక గుట్ట ఎక్కాలి. గుట్ట మీద నిలబడి నేను అరుస్తుంటే కింద మేకలు కాస్తున్నవాళ్లంతా తలెత్తి చూశారు. అన్న ఏదో అంటుండగానే లైను తెగిపోయింది. అయినా ఇవి గుట్ట ఎక్కి అరిచే మాటలు కావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు రాసింది మళ్లీ మళ్లీ చదివాను బాపూ. "మనం నలుగురితో మంచిగుండి బతికేటోళ్లం. సారీ అంటే నీ నోరు అరిగిపోదు. ఆయనకు ఒక్క మాట చెప్పి జనగామకు వచ్చేయ్, బదిలీ చేపిస్తమంటున్నరు" అని రాశావు. నన్ను చిన్నప్పటి నుంచి పెంచినవాడివి, అసలు ఏం జరిగిందని ఒక్క ముక్క అడగలేదు. ఎవరో కొట్టు అరుగు మీద కూర్చుని చాయ్ తాగి చెప్పిపోయింది విని, కాగితం తీసుకుని రాసేశావు. ఏం జరిగిందో ఇప్పుడు నేను చెబుతాను. ఓపికగా చదువు.

ఈ ఊరు నీకు తెలియదు. కొత్తగూడ దాటి ఇంకా లోపలికి రావాలి. బస్సు దిగినవాళ్లకు మొదట కనిపించేది సారా దుకాణం, దాని తరువాత బడి, ఆ తరువాత మా దవాఖాన. చుట్టూ అడవే. అడవిని నరికి పోడు చేసుకున్న చేలు, వాటి మధ్య గూడాలు, తండాలు. ఇప్పుడు ఇప్పపూలు రాలే కాలం. తెల్లారేసరికి ఊరంతా కల్లు కుండ మూత తీసినట్టు వాసన. పూలు ఏరుకోవడానికి వెళ్లినవాళ్లకు ఎలుగుబంటి ఎదురవుతుంది. పోయిన వారం ఒకాయన నెత్తి చర్మం సగం ఊడి వేలాడుతుండగా, దాన్ని చేత్తో అదిమి పట్టుకుని నడిచి వచ్చాడు. నేను కుట్లు వేస్తుంటే "పూలు ఎక్కడో పారబోసుకున్న డాక్టరమ్మా" అని దాని గురించే బాధపడ్డాడు.

మొదట్లో ఒంటరిగా అనిపించేది. అది నీకు చెప్పలేదు, చెబితే మరుసటి బస్సుకే అన్నను పంపిస్తావని. ఆదివారం మధ్యాహ్నాలు మరీ కష్టం. రోగులు రారు, మాట్లాడే మనిషి ఉండదు, కోతులు రేకుల మీద గెంతుతుంటాయి. తండావాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు కొంచెం పట్టుబడింది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి అని వాళ్ల భాషలోనే అడిగితే ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు నాకు ఇష్టమే. కాలేజీలో నేను "గట్లనా" అన్నప్పుడల్లా వెనక బెంచీల నుంచి వినిపించిన నవ్వు వేరు. అది నీకు తెలుసు. ఆ నవ్వు విన్న రోజుల్లోనే నేను ఉద్యమంలోకి వెళ్లాను. నినాదాలు ఇచ్చి గొంతు పోగొట్టుకుని ఇంటికి వస్తే అమ్మ మిరియాల పాలు ఇచ్చేది. నువ్వు ఎన్ని బంద్‌లకు కొట్టు మూశావో నాకు తెలుసు. అలాంటి ఇంటి బిడ్డను పట్టుకుని "తెలంగాణ ద్రోహి" అన్నారు. అన్నది ఎవరో, ఎందుకో చెబుతాను.

మా దవాఖానలో ఒక ఫ్రిజ్ ఉంది. పిల్లల టీకాలు, కుక్కకాటు సూదులు అందులోనే. అవి ఎప్పుడూ చల్లగా ఉండాలి, వేడి తగిలితే ఆ మందు నీళ్లతో సమానం. ఇక్కడ కరెంటు ఇలా వచ్చి అలా పోతుంది. వేసవి మొదలైతే రోజులకు రోజులు ఉండదు. నేను చేరిన కొత్తలో పై ఆఫీసుల చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి వాళ్లనూ బతిమిలాడి, చివరికి ఒక జనరేటర్ తెప్పించాను. అది వచ్చిన రోజు మా నర్సు లలిత దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

మిరపకాయ ఏరే రోజుల్లో నన్ను ఘనపూర్ అవతల అడవి ఊళ్లకు జ్వరాల క్యాంపు డ్యూటీ మీద పంపారు. నేను అక్కడ ఉండగా ఇక్కడి ఉద్యమ లీడర్ దవాఖానకు వచ్చాడు. ఆయన పేరు రాయను. నీ కొట్టు మీద చాయ్ తాగినవాళ్లకు తెలుసు. ధూంధాం మీటింగ్ ఉందని, మైకులకు, లైట్లకు కావాలని జనరేటర్ అడిగాడు. మేడం ఊర్లో లేదని లలిత చెప్పింది. "మేడంతోని మాట్లాడిన. ఒక్క దినం పని. తెలంగాణ పనికి అడ్డం పడతవా?" అన్నాడట. నాతో ఆయన మాట్లాడనే లేదు. ఆయన మనుషులు జనరేటర్‌ను ట్రాలీ ఎక్కించుకుని పోయారు. మీటింగ్ అయింది. పాటలు పాడారు, ఊరంతా గంతులు వేసింది. జనరేటర్ మాత్రం తిరిగి రాలేదు.

అదే రోజుల్లో పక్క తండాలో పిచ్చికుక్క తిరిగింది. జమున అని ఒక చిన్నపిల్ల వాకిట్లో ఆడుకుంటుంటే మీద పడింది. పిల్ల తాత భీమ్లా పరుగెత్తుకొచ్చి కుక్క దవడలు రెండు చేతులతో పట్టి విడదీశాడు. పిల్లకు కాలి మీద కొద్దిగా పళ్లు దిగాయి. ఆయన చేతులు మాత్రం చీరుకుపోయాయి. చాలామంది పసరు పూయించుకుంటారు, మంత్రం వేయించుకుంటారు. భీమ్లా అలా చేయలేదు. అంతకు ముందు వాళ్ల తండాలో నేను మీటింగ్ పెట్టి, కుక్క కరిస్తే సబ్బుతో బాగా కడిగి వెంటనే దవాఖానకు రమ్మని చెప్పాను. ఆయన ఆ మాట పెట్టుకున్నాడు. బోరింగు కింద పిల్ల కాలు, తన చేతులు కడిగి, పిల్లను భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. లలిత ఇద్దరికీ సూదులు వేసింది. మళ్లీ రమ్మన్న రోజున మళ్లీ వచ్చాడు, ఆ తరువాతా వచ్చాడు. తరువాత ఆయన, భార్య ద్వాళి, మిరపకాయ ఏరడానికి ఖమ్మం వైపు కూలికి పోయారు. మిగిలిన సూదులు అక్కడి దవాఖానలో వేయించుకోమని లలిత చీటీ రాసిచ్చింది.

నేను తిరిగి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచాను. లోపలి గాలి బయటి గాలి కంటే వెచ్చగా మొహానికి తగిలింది. వెనక గదిలో జనరేటర్ ఉండే చోట నూనె మరక తప్ప ఏమీ లేదు.

"మేడం, జర కోపం చేయకుర్రి," అంది లలిత. "మీతోని మాట్లాడిన అన్నడు. కరెంటు వచ్చుడు పోవుడు ఉండె, ఫ్రిజ్ సల్లగనే ఉన్నదనుకున్న."

ఆమెను కూడా తిట్టాను. ఏడ్చింది. ఆమెను ఊరుకోబెట్టే తీరిక నాకు లేదు. ఆ రోజుల్లో సూది వేసుకున్న వాళ్లందరినీ పిలిపించమని పంపి, నేను లీడర్ ఇంటికి పోయాను. జనరేటర్ ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో నడుస్తోంది. లోపల కూలర్ తిరుగుతోంది. ఆయన లేచి నిలబడి మర్యాదగానే మాట్లాడాడు.

"కూసోండి మేడం. ఇంకా రెండు ఊర్లల్ల మీటింగులున్నయి. అయిపోంగనే పంపిస్త."

"జనరేటర్ లేక ఫ్రిజ్‌ల మందులు పాడైపోయినయి. కుక్క కరిచినోళ్లకు ఆ మందే ఏసిర్రు. ప్రాణాలు పోతయి."

"మీరు మరీ పరేషాన్ అయితున్నరు. ఇన్నొద్దులు జనరేటర్ లేకుంటనే నడిచింది గద. రాష్ట్రం రానియ్యుండ్రి, మీకు ఒక్కటి కాదు, నూరు పెట్టిస్త."

ఆయన భార్య నాకు మంచినీళ్లు తెచ్చింది. ఫ్రిజ్‌లోని నీళ్లు, గ్లాసు చుట్టూ చెమట పట్టింది. నేను తాగలేదు బాపూ. ఆ గ్లాసు తీసుకుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అప్పుడు కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

లలిత భర్త బండి మీద మహబూబాబాద్ బయలుదేరాను, ఒళ్లో ఐసు పెట్టె పెట్టుకుని. ఆ రోజు రోడ్ల మీద వంటావార్పు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. బండి ఆపారు. కుక్కకాటు మందు కోసం పోతున్నానని చెప్పాను. ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు. "జరుగుర్రి, జరుగుర్రి, డాక్టరమ్మ పోతది" అని పొయ్యిలు పక్కకు లాగి దారి ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు నా కోసం విస్తరాకులో అన్నం మూటగట్టి ఉంచారు. బాపూ, వాళ్లది కదా ఉద్యమం! ఎర్రటి ఎండలో రోడ్డు మీద కూర్చున్న వాళ్లది. నేను వాళ్ల మనిషినే. నాకు కోపం వాళ్ల మీద కాదు. ఈ మాట అన్నకు రెండుసార్లు చదివి వినిపించు.

కొత్త మందుతో జమునకు, మిగిలిన వాళ్లకు మొదటి నుంచి మళ్లీ సూదులు మొదలుపెట్టాను. చేపలమ్మే ఆయన దగ్గర రోజూ ఐసు తీసుకుని పెట్టె నింపుకున్నాను. రాలేనిది భీమ్లా ఒక్కడే. కూలీలను తీసుకుపోయిన మేస్త్రీ నంబరు సంపాదించి గుట్ట ఎక్కాను. ఎన్నోసార్లు చేస్తే ఒకసారి కలిసింది. మేస్త్రీ భీమ్లాకు ఫోన్ ఇచ్చాడు.

"భీమ్లా, నీకు ఏసిన మందు పాడైంది. మళ్ల సూదులు ఏసుకోవాలె. ఎంటనే రా."

"సూదులు ఏసుకున్న గద బిడ్డా. నువ్వు చెప్పినట్టే సబ్బుతోని కడిగిన. మిగిలినయి ఏసుకుందమంటే మేస్త్రీ పోనియ్యలే. అయినా చెయ్యి మానిపోయింది, మిర్చి మంచిగ ఏరుతున్న."

"మానినా సరే, రావాలె. మందు పాడైంది."

"మందు గూడ పాడైతదా?" అన్నాడు.

పాడైతది, రా అన్నాను. సరే, వస్తానన్నాడు. కానీ ఆ మరుసటి రోజు నుంచి బస్సులు బంద్. వాళ్లున్న ఊరి దగ్గరి డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన మంచివాడు, మనిషిని పంపాడు. అప్పటికి కూలీలంతా వేరే ఊరి తోటలకు మారిపోయారు, ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. మేస్త్రీ ఫోన్ మూగబోయింది.

ఏరుడు అయిపోయాక అందరూ లారీలో తిరిగి వచ్చారు. ద్వాళి ఆయనను నేరుగా దవాఖానకు నడిపించుకొచ్చింది. జ్వరం అంది, గొంతు పట్టిందంది, నిన్నటి నుంచి నీళ్లు మింగడం లేదంది. ఆయన లోపలికి వచ్చి పైన తిరుగుతున్న ఫ్యాన్ గాలికి ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. అయినా ఒక గ్లాసులో నీళ్లు తెచ్చి చూపించాను. చూడగానే ఆయన గొంతు బిగుసుకుపోయింది, గోడకు ఆనుకుని వణికిపోయాడు. గ్లాసు దాచేశాను.

ఆ జబ్బు ఒకసారి బయటపడ్డాక ఈ లోకంలో దానికి మందు లేదు బాపూ. ఎంత చదివినా అక్కడ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ద్వాళిని బయటికి తీసుకుపోయి చెప్పాను. పట్నం తీసుకుపోతానంటే అంబులెన్సు పిలుస్తాను, కానీ అక్కడ కూడా బతకడని చెప్పాను. ఆమె అరవలేదు. "దూప అయితే ఎట్ల మరి? నీళ్లు తాగకుంటనే పోతడా?" అని మాత్రం అడిగింది. దాహం గురించి అడిగింది, బాపూ.

పట్నం వద్దన్నారు. వెనక గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, మత్తు మందు ఇస్తూ కూర్చున్నాను. మధ్య మధ్యలో ఆయనకు తెలివి వచ్చేది. తెలివి వచ్చినప్పుడు మామూలు మనిషే. జమున ఎట్లుందని అడిగాడు. మంచిగుంది, కొత్త సూదులు వేశానని చెప్పాను. "ఆమెకు ఏసింది మంచి మందేనా?" అన్నాడు. మంచి మందే అన్నాను. "మల్ల సూస్కో బిడ్డా" అన్నాడు. నేను లేచి వెళ్లి, ఐసు పెట్టె తెరిచి, చేయి పెట్టి చూసి వచ్చి, చల్లగా ఉందని చెప్పాను. తల ఊపాడు. మరునాడు మధ్యాహ్నం పోయాడు.

ఇంతవరకు ఏడుపు. ఇక్కడి నుంచి కోపం.

తండాలో సంతాప సభ పెట్టారు. పెట్టింది తండావాళ్లు కాదు, లీడర్. భీమ్లా ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. "సమైక్య పాలకుల నిర్లక్ష్యానికి బలైన గిరిజన వీరుడికి జోహార్లు" అని రాయించాడు. మైకు పెట్టించాడు. ఆ మైకు దేనితో నడుస్తోందో చెప్పనక్కర లేదు కదా. ఫ్లెక్సీ వెనక నుంచి నా దవాఖాన జనరేటర్ చప్పుడు వినిపిస్తోంది. ఏ యంత్రం లేక భీమ్లా పోయాడో ఆ యంత్రాన్నే భీమ్లా సంతాప సభకు తెచ్చి పెట్టాడు. ఆయనకు అది తట్టనైనా లేదు. నాకు కోపం అందుకే ఎక్కువ. పాపం చేస్తున్నానని తెలిసి చేసేవాడు కనీసం తల దించుకుంటాడు.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. అడవి బిడ్డలకు కరెంటు ఇవ్వలేదన్నాడు, మందులు ఇవ్వలేదన్నాడు, మనల్ని మనుషులుగా చూడలేదన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. తరువాత నన్ను పిలిచి, "మన జనగామ ఆడబిడ్డ, మన డాక్టరమ్మ రెండు మాటలు చెప్తది" అని మైకు చేతికిచ్చాడు.

నేను చెప్పిన మాటలు నీకు ఎవరెవరు ఎలా చెప్పారో తెలియదు. ఇవీ ఆ మాటలు:

"అన్న చెప్పింది నిజమే. ఈ ఊరికి కరెంటు సక్కగ ఇయ్యంది పాలకులే. కరెంటు పోయిందంటే అది వాళ్ల తప్పు. మరి జనరేటర్ పోయిందంటే అది ఎవరి తప్పు? గా ఫ్లెక్సీ ఎన్క మోగుతున్నది సూడుండ్రి. అది దవాఖానది. అది లేకనే మందు పాడైంది. భీమ్లా సెప్పిన మాట ఇన్న మనిషి, సూదికి నడిచొచ్చిన మనిషి. ఆయనను పాలకులు సగం సంపిర్రు. మిగిలిన సగం మనమే సంపినం."

ఎవరో పరుగెత్తి వెళ్లి జనరేటర్ ఆపేశారు. మైకు మూగబోయింది. మైకు లేకపోయినా నా గొంతు ఎంత దూరం వినిపిస్తుందో నీకు తెలుసు. లీడర్ మొహం నల్లబడింది. "మేడం, ఇది రాజకీయం చేసే జాగ కాదు" అన్నాడు. ఆయన వెనక నిలబడ్డ ఒకడు "ఆంధ్రోళ్ల మనిషి! తెలంగాణ ద్రోహి!" అని అరిచాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

అప్పుడు ద్వాళి లేచింది. ముందు వాళ్ల భాషలో ఏదో అంది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. తరువాత లీడర్‌కు అర్థం కావాలని తెలుగులో అంది.

"మా ఆయన వీరుడు కాదు. మనుమరాలి కోసం కుక్కను పట్టిండు, గంతే. నువ్వు కట్టిన ఆ బొమ్మ ఇప్పెయ్యి. దవాఖాన మిషిను దవాఖానకు ఇయ్యి."

సభ అక్కడితో లేచిపోయింది.

ఆ మరునాటి నుంచే మొదలైంది. నా మీద ఫిర్యాదు పోయింది. పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "ఉద్యమకారులతో మీకెందుకమ్మా, రేపు రాష్ట్రం వస్తే వాళ్లే రాజులు" అని మెల్లగా చెప్పాడు. జనగామలో మన కొట్టు దాకా మాట చేరింది. అన్న ఫోన్ చేసి, లీడర్ పెద్ద మనసుతో ఉన్నాడు, ఒక్క మాట సారీ చెబితే జనగామకే బదిలీ చేయిస్తాడట అన్నాడు. నా బదిలీ ఆయన ఇచ్చే బహుమానమా? భీమ్లా చావుకు ఖరీదు కట్టి నా చేతిలో పెట్టడమా? అందుకే అరిచాను. అన్నకు చెప్పు, అరిచినందుకు బాధ లేదు. లైను తెగిపోయినందుకు బాధగా ఉంది, ఇంకా చాలా ఉండిపోయింది.

ఇక జనరేటర్ ఏమైందో చెబుతాను. దాని కోసం నేను ఏ కాగితమూ పెట్టలేదు. ఒకరోజు పొద్దున్నే తండా ఆడవాళ్లు ద్వాళిని ముందు పెట్టుకుని, నెత్తి మీద గంజులు, చంకల్లో కట్టెలతో ఊర్లోకి వచ్చారు. లీడర్ ఇంటి గేటు ముందు మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించి జొన్నరవ్వతో గటక వండడం మొదలుపెట్టారు. వంటావార్పు! ఆయన నేర్పిందే ఆయన వాకిట్లో చేశారు. ఆయన మొదట నవ్వాడు. తరువాత గద్దించాడు. వాళ్లు గటక వండుకుని అక్కడే తిన్నారు, మధ్యాహ్నం మళ్లీ పొయ్యి రాజేశారు. గూడెం నుంచి కోయ ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. సంతకు వచ్చిన జనమంతా ఏమైందని అడగడం, వీళ్లు చెప్పడం. ఆయన తల్లి లోపలి నుంచి వచ్చి, "ఇచ్చెయ్యిరా, మొగోడివై ఆడోళ్ల ఉసురు పోసుకుంటవా" అని అందరి ముందూ కొడుకును తిట్టింది. పొద్దు వాలకముందే జనరేటర్ దవాఖానకు వచ్చింది. ట్రాలీ మీద కాదు, ఆడవాళ్లే తలా ఒక చేయి వేసి మోసుకొచ్చారు. లలిత ఈసారి కొబ్బరికాయ కొట్టలేదు, మూలన నిలబడి ఏడ్చింది. ఆమెను దగ్గరకు తీసుకున్నాను.

మంచే జరిగింది కదా, ఇంకా కోపం ఎందుకని అడుగుతావు. జనరేటర్ వచ్చింది, భీమ్లా రాలేదు కదా. జమునకు చివరి సూది కూడా అయిపోయింది, కాలి మీద మచ్చ తప్ప ఏమీ లేదు, గంతులు వేస్తోంది. దాన్ని చూసినప్పుడల్లా సంతోషం కలుగుతుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. రెండూ ఒకేసారి ఉంటాయని నాకు ఇంతకు ముందు తెలియదు.

నేను మారలేదు బాపూ. తెలంగాణ రావాలి. వస్తుంది కూడా. వచ్చిన రోజున నేను కూడా గంతులు వేస్తాను. కానీ "ఉద్యమం జరిగేటప్పుడు ఇలాంటివి ఎత్తొద్దు" అని నువ్వు రాసిన మాట మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పుడు ఎత్తకపోతే ఇంకెప్పుడు? వచ్చాక వాళ్లు గద్దెల మీద కూర్చుంటారు. అప్పుడు వాళ్ల వాకిట్లో పొయ్యి పెట్టనిస్తారా? నన్ను తిట్టినా సరే, ద్వాళిని మాత్రం ఏమీ అనకు. అంత తెగువ మన ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు.

కొట్టు మీదికి ఎవరైనా వచ్చి నా తరఫున నిన్ను సారీ అడిగితే చెప్పకు. చాయ్ ఇవ్వు, అది మన మర్యాద. సారీ మాత్రం చెప్పకు. నా బిడ్డ తప్పు మాట్లాడలేదని ఒక్క మాట అను. అనడం కష్టమైతే ఊరుకో, తల మాత్రం ఊపకు.

అమ్మతో చెప్పి కొంచెం కారప్పొడి, చింతకాయ తొక్కు పంపించు. ఈ ఎండలకు నూలు చీరలే కావాలి, వదిన దగ్గర పాతవి ఉంటే చాలు. బాపమ్మ కంటి ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు, వానలు పడకముందే చేయించండి. ఆపరేషన్‌కు నేను తప్పకుండా వస్తాను, ఆమె పక్కనే ఉంటానని చెప్పు, భయపడొద్దను.

నిన్న ద్వాళి వాళ్ల ఇంటికి అన్నానికి పిలిచింది. జొన్నరొట్టె పెట్టి, పక్కన కూర్చుని, "నువ్వు పోతవంట కద" అని అడిగింది. నా బదిలీ మాట తండాలోకి కూడా వచ్చేసింది. ఇంట్లో ఉన్న వాళ్లంతా తినడం ఆపి నా మొహం చూశారు. పోనని చెప్పాను. "పోతే గూడ ఏమనం. మీ అమ్మనాయిన ఉంటరు" అంది. పోనని మళ్లీ చెప్పాను. అప్పుడు రొట్టె మీద ఇంకొంచెం పప్పు వేసింది.

అందుకే నీకు ఇది రాసే ముందే అక్కడ మాట ఇచ్చేశాను. నీ అనుమతి అడగడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ మిగల్లేదు బాపూ. నీ ఆశీర్వాదం అడుగుతున్నాను. కోపంగా ఇచ్చినా ఫరవాలేదు, అది కూడా నీ దగ్గర నుంచే కదా వచ్చింది నాకు.

పెద్దలందరి పాదాలకు దండాలతో,
మీ కోపిష్టి బిడ్డ
సరళ